రివాల్వర్ పిడిలో ఎర్రటి పోగులు

మా ఆయన ఆ రివాల్వర్‌ను ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం దాకా నేను ఆయనతో మాట్లాడలేదు. పౌరసత్వం వచ్చాక ఈ దేశంలో ఆయన చేసిన మొదటి పని ఓటు వేయడం, రెండోది షూటింగ్ రేంజ్‌లో మెంబర్‌గా చేరడం. మేముండే ట్రాయ్ అనే ఊళ్లో మా చుట్టుపక్కల తెలుగువాళ్లంతా శనివారం క్రికెట్‌కో బ్యాడ్మింటన్‌కో వెళితే, ఈయన పేలుడు చప్పుడు వినపడకుండా చెవులకు పెద్ద మఫ్స్ తగిలించుకుని కాగితం మీద గీసిన వలయాలను కాల్చి వచ్చేవారు. అక్కడి తుపాకీని అద్దెకు తీసుకుని కాల్చినంత కాలం నేనేమీ అనలేదు. సొంతంగా కొని ఇంట్లోకి తెస్తే మాత్రం ఊరుకోనన్నాను. అయినా తెచ్చారు.

"కొత్తది కాదు, పాతది. మనిద్దరి కన్న వయసుల పెద్దది" అన్నారు, ఎవరో పెద్దమనిషిని భోజనానికి వెంటబెట్టుకొచ్చినట్టు.

ఆయనది కరీంనగర్ దగ్గర, నాది గుంటూరు దగ్గర. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను పళ్ల డాక్టర్ని. ఇక్కడికి వచ్చాక పరీక్షలన్నీ మళ్లీ రాసి, ఇంటికి దగ్గరలోనే ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. తుపాకులకూ నాకూ ఏ సంబంధమూ లేదు, ఉండాలనీ అనుకోలేదు.

గంట దూరంలో ఉన్న ఒక ఊళ్లో ఒకావిడ, తండ్రి పోయాక ఆయన ఇంట్లోని సామానంతా అమ్మకానికి పెట్టింది. మా ఆయన గరాజ్‌లోకి పాత పనిముట్లు దొరుకుతాయేమోనని వెళ్లి రివాల్వర్‌తో తిరిగొచ్చారు. పోలీసు స్టేషన్లో చేయాల్సిన కాగితాల పని పద్ధతిగా చేసే తెచ్చారు. అది బేస్‌మెంట్‌లో ఇనప్పెట్టెలో ఉండాలి, తూటాలు ఇంట్లో ఉండకూడదు, నేను దాన్ని చూడను, ముట్టుకోను. ఇవీ నా షరతులు. అన్నిటికీ తల ఊపారు.

కానీ తల ఊపిన మనిషి నోరు మూసుకోడు కదా. రెండు రోజులు తిరక్కుండానే భోజనాల దగ్గర ఒకటే గోల.

"దాని పిడి ఉంది చూడు, అది కంపెనీది కాదు. కంపెనీదైతే వాల్‌నట్ చెక్క ఉండాలె, పైన బిళ్ల లెక్క చిన్న మెడల్ ఉండాలె. ఇది ఎవరో తర్వాత మార్చిన్రు. ఏందో, ఎవరిదో నాకైతే సమజ్ అయితలేదు."

"పిడి ఏదైతే ఏంటండీ? పప్పు వేసుకోండి."

"అట్లనకు. పాత రివాల్వర్‌కి బయట కొని పెట్టిన పిడి కూడ ఒక హిస్టరీనే. ఏనుగు దంతం ఉంటది, ఆల్చిప్ప ఉంటది, జింక కొమ్ము ఉంటది. వాటి లెక్కనే కనిపించే ప్లాస్టిక్‌లు కూడ ఉంటయి. ఎవరు చేసిన్రో గుర్తుపట్టేటోళ్లు ఉన్నరు."

అలా గుర్తుపట్టే వాళ్లంతా చేరే ఒక ఇంటర్నెట్ ఫోరం ఉంది. ఆయన అక్కడ ఫోటోలు పెట్టారు. ఇక చూడాలి, ఆఫీసు మీటింగుల్లో కూడా ఆయన చూపు ఫోన్ మీదే. ఒకరు పాత స్విచ్చులు చేసే బేకలైట్ అన్నారు. ఒకరు రంగు వేసిన ఎముక అన్నారు. పాత సినిమా ఫిల్ములు చేసిన సెల్యులాయిడ్ అయితే జాగ్రత్త, అది కుళ్లి పక్కనున్న ఇనుమును తినేస్తుందని ఇంకొకరు భయపెట్టారు. మా ఆయన ఒక్కొక్క పరీక్షా పెట్టుకుంటూ వచ్చారు. బేకలైట్ అయితే వేడినీళ్లలో పెడితే ఆసుపత్రి మందు వాసన వస్తుందట. నా టీ గిన్నెలో నీళ్లు మరగబెట్టి ముంచి వాసన చూశారు, రాలేదు. సెల్యులాయిడ్ అయితే బొటనవేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వస్తుందట. రుద్ది రుద్ది వేలు ఎర్రబడింది కానీ కర్పూరం జాడ లేదు. మామూలు ఫ్యాక్టరీ ప్లాస్టిక్ అయితే లోపలివైపు గుల్లగా, అచ్చు నంబరుతో ఉంటుందట. ఇది లోపల కూడా గట్టిగా ఉంది, నంబరు లేదు, ఎవరో చేత్తో గీకిన గీతలు మాత్రం ఉన్నాయి.

ఇదంతా ఆయన చెబితే విన్నదే. ఒక ఆదివారం పొద్దున చర్చి నుంచి వచ్చి నేను కాఫీ పెట్టుకుంటుంటే, ఆయన బేస్‌మెంట్ మెట్లెక్కి వచ్చి న్యూస్‌పేపర్ మీద రెండు ముక్కలు పెట్టారు.

"తుపాకీ కింద పెట్టెలనే ఉంది. పిడికి ఒక్కటే స్క్రూ, విప్పిన. ఇవి ఉత్త ప్లాస్టిక్ ముక్కలు, వీటికి భయపడవు కద?"

అరచేతిలో ఇమిడే రెండు పలకలు. రంగు మాగిన సపోటా గుజ్జులా ఉంది. ఏళ్ల తరబడి చేతి జిడ్డు పట్టి అంచుల్లో నల్లబడింది. ఒకదాని కింది మూల కొంచెం పెచ్చు లేచింది. ఆ పెచ్చు లేచిన చోట రంగు వేరుగా ఉంది, లేత గులాబీ. నేను కాఫీ కప్పు పక్కన పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు నాకే తెలియదు. ఆ గులాబీ రంగును నేను ఎక్కడో రోజూ చూస్తున్నాననిపించింది, అంతే.

"టార్చ్ ఇవ్వండి."

"ఏమైంది?"

"ముందు ఇవ్వండి."

వెలుతురులో వాల్చి చూస్తే పెచ్చు లోపల వెంట్రుక కన్నా సన్నగా ఏదో ఎర్రగా మెరిసింది. దారపు పోగు. అదేమిటో నాకు తెలిసినట్టే అనిపించింది. అయినా అప్పుడే నోరు విప్పలేదు. మామూలు కళ్లతో చూసి తీర్పు చెప్పడం నా వృత్తిలో అలవాటు లేదు.

మర్నాడు ఆ పలకల్ని జిప్‌లాక్ కవర్లో పెట్టుకుని క్లినిక్‌కి వెళ్లాను. మొదటి పేషెంట్ రాకముందే, పళ్లు చూసేందుకు పెట్టుకునే భూతద్దాల కళ్లజోడు పెట్టుకుని, పెద్ద లైటు కిందికి లాక్కుని, ఆల్కహాల్ తడిపిన దూదితో ఒక మూలనున్న జిడ్డును మెల్లగా తుడిచాను. జిడ్డు పోయిన చోట గులాబీ రంగు తేటపడింది. దాని లోపల, నీళ్లలో తేలుతున్నట్టు, చిన్న చిన్న ఎర్రటి పోగులు. ఒకటి కాదు, అంతటా ఉన్నాయి. అడ్డంగా, నిలువుగా, వంకరగా.

"పంటి చిగురు! ఇది పంటి చిగురు!" అని తెలుగులోనే అరిచాను. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగింది.

పళ్ల సెట్టు చేసేటప్పుడు చిగురు భాగాన్ని గులాబీ రంగు అక్రిలిక్ అనే ప్లాస్టిక్ పొడితో చేస్తారు. ఉత్త గులాబీ రంగైతే బొమ్మలా ఉంటుందని, నిజం చిగురులో కనిపించే సన్నటి రక్తనాళాల్లా ఉండటానికి అందులో ఎర్రటి పోగులు కలుపుతారు. తుపాకీ పిడికి రక్తనాళాలతో పని లేదు. ఏ పిడి కంపెనీ వాడైనా ఆ పోగులు ఎందుకు కలుపుతాడు? అంటే దీన్ని చేసినవాళ్ల దగ్గర ఆ పొడి డబ్బా అప్పటికే ఉండాలి. పళ్ల సెట్లు చేసే చేతులే దీన్ని చేసి ఉండాలి.

ఇంకా తిప్పి చూశాను. ఒకచోట పలక బాగా మందంగా ఉంది. ఆ మందం లోపల చిన్న చిన్న గాలి బుడగలు. వాటిని చూడగానే నాకు మా కాలేజీ ల్యాబ్ కళ్లముందుకొచ్చింది. ఇక్కడ డాక్టర్లు పళ్ల సెట్ల పని బయటి ల్యాబులకు పంపించేస్తారు. మా చదువులో అదంతా మా చేతులతోనే చేయాలి. మైనంతో ఆకారం కట్టి, ఇత్తడి పెట్టెలో ప్లాస్టర్ మధ్య పాతిపెట్టి, వేడినీళ్లతో మైనం కరిగించి పోగొట్టి, ఆ ఖాళీలో పూరీ పిండిలా ఉండే అక్రిలిక్ ముద్దను కూరి, బిగించి, నీళ్లలో ఉడికించాలి. తొందరపడి మంట పెంచితే మందంగా ఉన్నచోట సరిగ్గా ఇలాంటి బుడగలే వస్తాయి. నావి ఎన్ని సెట్లు అలా పోయాయో, ఎన్ని తిట్లు తిన్నానో! ఎవరో తెలియని మనిషి, నేను పుట్టకముందే కావచ్చు, నేను చేసిన పనే చేస్తూ మంట కొంచెం పెంచింది. లేదా పెంచాడు. ఆ రోజంతా పేషెంట్ల నోళ్లలో చూస్తున్నా నా మనసు జిప్‌లాక్ కవర్లోనే ఉంది.

సాయంత్రం ఇంటికి రాగానే బూట్లు కూడా విప్పకుండా మా ఆయన్ని వంటింట్లోకి పిలిచి అంతా చెప్పాను. ఆయన నోరు తెరిచి విన్నారు.

"అంటే నా తుపాకీకి పళ్ల సెట్టు పెట్టిన్రా?"

"పళ్లు లేకుండా!"

ఇద్దరం నవ్వాం. అంతలో ఆయన మొహం మారింది.

"కానీ మంచిగ చేయలేదు. పట్టుకుంటే ఉంగరం వేలు కాడ ఏదో పొడుస్తది. రేంజ్‌ల రెండు సార్లు కాల్చిన, వేలు నొప్పి పుట్టింది."

ఆ పొడిచేది ఏదో నాకూ చూడాలనిపించింది. రెండు పలకల మధ్య మడిచిన అట్టముక్క పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, పిడిలా పట్టుకున్నాను. ముందువైపు వేళ్లకు పల్లాలు ఉన్నాయి. మధ్యవేలికి ఒక పల్లం, చిటికెన వేలికి ఒక పల్లం. మధ్యలో ఉంగరం వేలు ఉండాల్సిన చోట పల్లం లేదు, ఎత్తుగా ఉబ్బు ఉంది. బుడగలు ఉన్నదీ అక్కడే. చేయడం రాక అలా వదిలేశారనడానికి లేదు. మిగతా పల్లాలు ఎంతో నునుపుగా, శ్రద్ధగా ఉన్నాయి. ఆ ఉబ్బు కూడా అంతే నునుపుగా ఉంది. కావాలని చేసిన ఉబ్బు అది.

నేను ఊరికే ఉంగరం వేలిని అరచేతిలోకి మడిచి మళ్లీ పట్టుకున్నాను.

అంతే. పిడి చేతిలో కూర్చుంది. ఎక్కడా కదల్లేదు, ఎక్కడా పొడవలేదు. ఉబ్బు వచ్చి రెండు వేళ్ల మధ్య ఖాళీని నింపేసింది.

"ఏవండీ... ఏవండీ, ఈ మనిషికి వేలు లేదు!"

"ఏ మనిషికి?"

"దీన్ని ఎవరి కోసం చేశారో ఆ మనిషికి! ఉంగరం వేలు మడిచి పట్టుకోండి!"

ఆయన లాక్కుని పట్టుకున్నారు. ఉంగరం వేలు మడిచారు. తర్వాత "అరెరెరె!" అన్నారు. మళ్లీ నేను లాక్కున్నాను. యాభై దాటిన ఇద్దరు మనుషులం, ఉంగరం వేళ్లు మడుచుకుని, రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ ముక్క కోసం వంటింట్లో ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుంటున్నాం. పొయ్యి మీద చారు పొంగింది కూడా.

నోటి అచ్చు తీసి పళ్ల సెట్టు కట్టినట్టే, ఎవరో ఈ చేతి అచ్చు తీసి పిడి కట్టారు. ఇది అంగట్లో కొన్నది కాదు. ఫోరంలో ఎన్నేళ్లు వెతికినా దీనికి కంపెనీ పేరు దొరకదు.

"ఫోన్ చెయ్యండి" అన్నాను.

"ఎవరికి?"

"మీకు అమ్మినావిడకి. వాళ్ల నాన్నకి కుడిచేతికి ఎన్ని వేళ్లని అడగండి."

"అట్లెట్ల అడుగుతం? పాపం, నాన్న పోయిండని బాధల ఉన్నది."

చివరికి నేనే చేశాను. స్పీకర్ పెట్టాను. నేనెవరో, తన దగ్గర రివాల్వర్ కొన్నాయన భార్యనని ఇంగ్లీషులో చెప్పుకుని, ఒక వింత ప్రశ్న అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దన్నాను. అడిగాను.

"ఉంగరం వేలు లేదు" అంది ఆవిడ. "ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు కింద పడి పోయింది. నేను అప్పుడు చిన్నపిల్లని. మీకెలా తెలుసు?"

మా ఆయన రెండు చేతులతో తల పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయారు.

"మీ ఇంట్లో ఎవరైనా పళ్ల సెట్లు చేసేవారా?"

"మా అమ్మ" అంది. "డెంటల్ ల్యాబ్‌లో పనిచేసేది. ఒక్కోసారి ఇంటికి కూడా పని తెచ్చుకునేది. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఎందుకు అడుగుతున్నారు?"

ఎందుకో ఫోన్లో చెప్పడం నాకు చేతకాలేదు. వచ్చి చూపిస్తామన్నాం.

ఆ శనివారం మా ఆయన రేంజ్‌కి ఎగనామం పెట్టి కారు నడిపారు. రివాల్వర్ ఇంట్లోనే ఉంది. పలకలు నా హ్యాండ్‌బ్యాగులో, మెత్తటి గుడ్డలో ఉన్నాయి. దారంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన "ఊ" కొడుతూ మధ్యలో ఒకసారి, "తుపాకీ గురించి నువ్వు ఇంతసేపు మాట్లాడుతవని నేను కలల కూడ అనుకోలే" అన్నారు.

ఆవిడ మా కన్నా పెద్దది, బడిలో టీచరుగా చేసి రిటైరైంది. టేబుల్ మీద కుకీలు, నిమ్మరసం పెట్టి మా కోసం ఎదురుచూస్తోంది. నేను పలకలు తీసి, ఎర్రటి పోగులు చూపించి, అవి ఏమిటో చెప్పాను. నా భూతద్దాల కళ్లజోడు ఆవిడకు పెట్టాను. చాలాసేపు చూసింది.

"నాన్న వీటిని ఎక్కడో కొన్నాడనుకున్నాను" అంది. "ఎప్పుడూ వీటి గురించి ఎవరూ చెప్పలేదు."

తర్వాత పలకల్ని కలిపి పట్టుకుంది. నేను చెప్పకుండానే తన ఉంగరం వేలిని లోపలికి మడిచింది. అలా పట్టుకుని కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది.

"వేలు పోయాక నాన్న చాలా రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అంతకుముందు వారం వారం స్నేహితులతో షూటింగ్ క్లబ్బుకు వెళ్లేవాడు. అది మానేశాడు. ఒకరోజు వంటింట్లో అమ్మ గులాబీ రంగు మైనం వేడి చేసి నాన్న చేతిలో పెట్టి, గట్టిగా పిసుకు, వదలకు, వదలకు అంటోంది. నాన్న మొహం చిత్రంగా పెట్టి నన్ను నవ్విస్తున్నాడు. మిగిలిన మైనం నాకిస్తే దానితో పిట్టను చేశాను. డాక్టరు చేతికి వ్యాయామం చేయమన్నాడేమో, అందుకే పిసుకుతున్నాడనుకున్నాను. ఇన్నేళ్లుగా అదే అనుకున్నాను."

అది వ్యాయామం కాదు, కొలత. ఆవిడ చూసింది ఆ అచ్చు తీసిన రోజునే.

"తర్వాత మళ్లీ క్లబ్బుకు వెళ్లారా?" అని మా ఆయన మెల్లగా అడిగారు.

"వెళ్లాడు. కాళ్ల నొప్పులు వచ్చేదాకా వెళ్లాడు." ఆవిడ నవ్వింది, కళ్లు తుడుచుకుంది. "చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు నాన్న చెయ్యి పట్టుకుంటే ఆ ఖాళీలో నా వేలు పెట్టుకునేదాన్ని. అది నా చోటు అనుకునేదాన్ని."

మా ఆయన నావైపు చూశారు. ఇన్నేళ్ల కాపురంలో కొన్ని చూపులకు మాటలు అక్కర్లేదు. నేను తల ఊపాను.

"ఇవి మీ దగ్గరే ఉండాలి" అన్నారాయన ఆవిడతో. ఆవిడ వద్దంది, కొన్న వస్తువు వెనక్కి తీసుకోవడం బాగుండదంది. ఆయన వినలేదు. చివరికి ఆవిడ లేచి, నన్ను గట్టిగా హత్తుకుని, ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. తిరిగొచ్చేటప్పుడు కుకీలన్నీ డబ్బాలో పెట్టి ఇచ్చింది.

కారు హైవే ఎక్కాక ఆయన అన్నారు: "ఇప్పుడు నా రివాల్వర్‌కి పిడి లేదు."

"వాల్‌నట్‌ది కొనుక్కోండి, మెడల్ ఉన్నది" అన్నాను. కొన్నారు. వేలు నొప్పి కూడా పోయిందట.

ఫోరంలో ఈ సంగతంతా రాస్తే సగం మంది నమ్మలేదు. తుపాకీ పిడిని దంతవైద్యురాలు గుర్తుపట్టడమేంటని ఒకరు ఎకసెక్కెమాడారు. మిగతా సగం మంది తమ దగ్గరున్న అంతుపట్టని పిడుల ఫోటోలు మా మీద కుమ్మరించారు. ఒక్కదాంట్లోనూ ఎర్రటి పోగులు లేవు. అయినా ఒక్కొక్క ఫోటోనూ పెద్దది చేసి చూడకుండా ఉండలేకపోయాను.

మొన్న మా ఆయన ఒక గన్ షోకి వెళుతుంటే నేనూ వస్తానన్నాను. ఆయన కారు తాళాలు పట్టుకుని కాసేపు నన్నే చూశారు. పెద్ద హాలు, వరసగా బల్లలు, బల్లల మీద పాత తుపాకులు. తుపాకుల వైపు నేను చూడలేదు. పిడులే చూసుకుంటూ నడిచాను. ఒక బల్ల దగ్గర ఏనుగు దంతం అని కాగితం అంటించిన విడి పలకలు కనిపించాయి. చూడొచ్చా అని అడిగి, హ్యాండ్‌బ్యాగులోంచి భూతద్దాల కళ్లజోడు తీశాను. దంతం అంటే మా పళ్ల డాక్టర్లకు చిన్న సంగతి కాదు. ఏనుగుదైనా మనిషిదైనా లోపలి పదార్థం ఒకటే. అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే సన్నటి గీతలుంటే అది ఏనుగుదే.

"గీతలు ఉన్నాయండీ! ఉన్నాయి! ఇలా రండి, చూడండి!" అని నేను అరుస్తుంటే, చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. మా ఆయన గబగబా వచ్చి, "మెల్లగ, మెల్లగ" అంటూనే నా చేతిలోంచి కళ్లజోడు లాక్కున్నారు.